గేటు దొమెంతీ పుల్ల వైను

మా ఊరి రైలు గేటు దగ్గర ముప్పై ఏళ్లకు పైగా పనిచేసిన దొమెంతీ చేసే వైను పుల్లగా ఉంటుందని మా ఇమెరెతీ సీమలో నాలుగూళ్లకు తెలుసు. తెలియనిది దొమెంతీకే. ఆయన ఇల్లు మా పక్కనే, మధ్యలో ఒక దడి. అందుచేత నాకు మిగతావాళ్లకన్నా ఎక్కువ తెలుసు, ఎక్కువ తాగాను కూడా.

ఆయనింట్లో విందు అంటే మా ఆయన ముందుగా రెండు చెంచాల తేనె తిని బయల్దేరేవాడు. విందులో గ్లాసెత్తి మాట్లాడే పెద్దరికం ఎప్పుడూ బడిపంతులు సెవరియన్‌ది. వేరే ఇళ్లలో అయితే పోయినవాళ్లను రెండు ముక్కల్లో తలుచుకుని గ్లాసు ఖాళీ చేసేవాడు. దొమెంతీ ఇంట్లో మాత్రం తాతముత్తాతల్ని పేరుపేరునా, వాళ్ల గుర్రాలతో సహా తలుచుకునేవాడు. ఆయన మాట ముగిశాకే అందరూ తాగాలి, కాబట్టి మాట ఎంత పొడుగైతే గ్లాసులు అంత తగ్గుతాయి. మూడు గంటల విందులో నాలుగు గ్లాసులు దాటేవి కావు. అది తన ఇంటి మీద సెవరియన్‌కున్న అభిమానం అనుకుని దొమెంతీ పొంగిపోయేవాడు.

నిజం చెప్పింది ఒక్కరే, ఆయన బావమరిది కరమాన్. దొమెంతీ పెళ్లయిన రెండో ఏడు ఒక గుక్క తాగి, "బావా, దీన్ని చిక్కుడు గింజల కూరలో పోస్తే భలే ఉంటుంది" అన్నాడు. దొమెంతీ అతనితో మూడేళ్లు మాట్లాడలేదు. తర్వాత కరమాన్ కూడా నోటినిండా మొక్కజొన్న రొట్టె కుక్కుకుని తాగడం నేర్చుకున్నాడు.

కారణం అందరికీ తెలిసిందే. మా ఊళ్లో ద్రాక్ష కోసేది అక్టోబరు చివర్లో. దొమెంతీ కోసేది సెప్టెంబరు పద్నాలుగున. వాన పడినా, ఆదివారమైనా, పుట్టినరోజైనా పద్నాలుగే. ఆయన తొమ్మిదేళ్లవాడిగా ఉన్నప్పుడు, ఇంకాస్త తియ్యబడనీ అని వాళ్ల నాన్న ఆగాడట. అక్టోబరులో ఒక మధ్యాహ్నం వడగళ్లు పడి పావుగంటలో తోటంతా నేలకు రాలింది. ఆ చలికాలం నాన్న ఎవరితోనూ మాట్లాడకుండా పొయ్యి ముందు కూర్చున్నాడట. దొమెంతీ ఇది ఒక్కసారే చెప్పాడు, రైలు ఎన్ని నిమిషాలు ఆలస్యమో చెప్పే గొంతుతోనే.

ఆయన భార్య మక్వాలా వదిన ఏటా సెప్టెంబరు మొదట్లో అడిగేది.

"ఏమయ్యా, ఒక్క వారం ఆగితే ఏం పోతుంది?"

"గేటు ఒక్క నిమిషం ఆగి వేస్తే ఏం పోతుందో తెలుసా నీకు?"

"ద్రాక్షకీ రైలుకీ ఏం సంబంధం?"

"రెండూ మన కోసం ఆగవు."

ఈ సంభాషణ దడి మీదుగా ఏటా వినేదాన్ని. ఒక్క మాట మారేది కాదు.

ఆయన యాభై ఎనిమిదో ఏట, సెప్టెంబరు పదకొండున, తునికి జాతి ఖుర్మా చెట్టు మీదికి పాకిన ద్రాక్ష తీగలు చూద్దామని నిచ్చెనెక్కాడు. నిచ్చెన నిలబడింది, ఆయన నిలబడలేదు. తొడ ఎముక విరిగింది. కుతాయిసీ ఆస్పత్రిలో కాలికి బరువు కట్టి వేలాడదీశారు. ఎనిమిది వారాలు కదలకూడదన్నారు. ఆ మాట విని ఆయన అడిగిన మొదటి ప్రశ్న, ఇవాళ తారీఖెంత అని.

వదిన చేతిలో ఒక కాగితం పెట్టాడు. పద్నాలుగు, ఉదయం ఏడు గంటలకు మొదలు. ఏ చెట్టు తర్వాత ఏ చెట్టు, ఎన్ని బుట్టలు, తొక్కేది ఎవరు, నేలలో పాతిన వైను బాన మూత మట్టితో ఎప్పుడు మెత్తాలి, అన్నీ గంటలతో సహా రాశాడు. వదిన మడిచి జాకెట్టు జేబులో పెట్టుకుంది.

పద్నాలుగున ఏడింటికి నేను బుట్టతో వెళ్లాను. వదిన వాకిట్లో కూర్చుని కాఫీ తాగుతోంది.

"లమారా, బుట్టెందుకు తెచ్చావే?"

"కొయ్యాలి కదా వదినా."

"కూర్చో. కాఫీ తాగు."

తాగాం. తీగల మీద కాయలు ఇంకా ఆకుపచ్చగానే ఉన్నాయి.

ఆ వారం ఇద్దరం ఆస్పత్రికి వెళ్లాం. దొమెంతీ అన్న తల పైకెత్తకుండానే అడిగాడు. "ఎన్ని బుట్టలు?"

"ముప్పై ఒకటి" అంది వదిన, తడుముకోకుండా.

"నిరుడు ఇరవై తొమ్మిదే. బాన పొంగుతోందా?"

"ఊ."

"రోజుకెన్నిసార్లు కలుపుతున్నావ్?"

"నాలుగు. లమారా కూడా సాయం వస్తోంది. కదే?"

నేను అవునన్నాను. అప్పటిదాకా నేను ఆయనతో అబద్ధమాడింది వైను గురించే, ఇప్పుడూ వైను గురించే. కొత్తగా ఏమీ అనిపించలేదు.

తిరుగు బస్సులో వదిన అంది. "ముప్పై ఏళ్ల నుంచి ఆయన చెప్పినట్టు చేశాను. ఆయన కాలు విరిగినందుకు బాధగానే ఉంది. కానీ మళ్లీ విరుగుతుందని నమ్మకం ఏముంది?"

అక్టోబరు తొమ్మిదిన మధ్యాహ్నం పడమటి కొండ మీద మబ్బు పట్టింది. నల్లగా కాదు, ఆకుపచ్చ కలిసిన నలుపు. అలాంటి మబ్బును మా వైపు ఎవరూ నిలబడి చూడరు, పరుపులు లోపలేసుకుంటారు. వదిన మాత్రం అరుగు మీద చేతులు కట్టుకుని నిలబడింది. నేను దడి దాటి వెళ్లాను.

"వడగళ్లు పడితే ఏం చేస్తావు వదినా?"

"పడితే చియాతురాలో మా అక్క దగ్గరికి పోతాను. ఇక రాను. నువ్వే ఆయనకి చెప్పు."

"నేనా? నేనెందుకు చెప్పాలి?"

"మరి పద్నాలుగున కాఫీ తాగింది ఎవరు?"

పడ్డాయి. రేకుల మీద మొదట ఒకటి, తర్వాత పది. వదిన నా మణికట్టు పట్టుకుంది. ఆ వేలి ముద్రలు రెండు రోజులున్నాయి. మొక్కజొన్న గింజలంత రాళ్లు, నాలుగైదు నిమిషాలు. తర్వాత మబ్బు ఏరు దాటి అవతలి లోయకు పోయింది. వదిన తోటలోకి వెళ్లి, చెట్టు చెట్టూ చూసి, గుత్తులు నిలిచాయని తేల్చుకుని, రాలిన ఆకులు కొన్ని తెచ్చి మెట్టు మీద పెట్టి కూర్చుంది. అప్పుడు ఏడ్చింది. ఆయన ఏటేటా ఇదే భయంతో నిచ్చెన ఎక్కేవాడన్న మాట ఆరోజే తనకు అర్థమైందని చెప్పింది. నెమ్మదించాక లేచి కోళ్లకు మేత వేసింది.

అక్టోబరు ఇరవై నాలుగున కోశాం. కరమాన్ వచ్చి దుంగ తొలిచిన తొట్టిలో ద్రాక్ష తొక్కాడు. రసం కాళ్లకు అంటుకుంటే ఈగలు ముసిరాయి. ఆ ఇంటి రసానికి ఈగలు రావడం అదే మొదటిసారి. కరమాన్ కాసేపు ఈగల్నే చూస్తూ నిలబడ్డాడు.

లెక్క ప్రకారం చేసిన మోసం లెక్క దగ్గరే దొరికింది. నవంబరు ఏడున దొమెంతీ అన్న చంకకర్రలతో ఇంటికొచ్చాడు. కోటు విప్పకుండా నేరుగా పాతిన బాన దగ్గరికి వెళ్లి, కర్రలు పక్కన పడేసి, బోర్లా పడుకుని మూతకు చెవి ఆనించాడు.

"ఇది ఇంకా పొంగుతోంది. ఎప్పుడో అణగాల్సింది" అన్నాడు.

"అవును" అంది వదిన.

"సెప్టెంబరు పద్నాలుగు నుంచీనా?"

"దానికి తొందరేం లేదు."

లేపడానికి ఇద్దరం చెరో రెక్క పట్టుకున్నాం. ఆయన తొమ్మిది రోజులు మాట్లాడలేదు. గేటు దగ్గర మాత్రం డ్రైవర్లకు ఎప్పటిలాగే చెయ్యూపేవాడు. పదో రోజు భోజనం దగ్గర "ఉప్పు ఇటివ్వు" అన్నాడు. వదిన ఇచ్చింది. వైను సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

ఈస్టరుకి బాన తెరిచారు. మేమంతా వెళ్లాం. మా ఆయన తేనె తినే వచ్చాడు. కరమాన్ ఈగల సంగతి ఎవరికీ చెప్పలేదు. సెవరియన్ లేచి, దొమెంతీ ముత్తాత దగ్గర మొదలుపెట్టి, గుర్రం దాకా వచ్చాడు. తాగాం. ఎవరికీ మొహం ఎలా పెట్టాలో తెలియలేదు. పుల్లదనానికి సిద్ధం చేసుకున్న మొహాలు అలాగే ఉండిపోయాయి. సెవరియన్ రెండో గుర్రాన్ని సగంలో వదిలేసి తనే గ్లాసు నింపుకున్నాడు. పది నిమిషాల్లో మూడుసార్లు గ్లాసెత్తారు, ఒక్కోసారీ ఒక్కో వాక్యం.

దొమెంతీ అన్న ఇదంతా చూస్తున్నాడు. తన గ్లాసు అప్పటిదాకా ముట్టలేదు. ఎత్తి నెమ్మదిగా తాగాడు, పెట్టాడు.

"ముప్పై ఏళ్ల నుంచి మీరంతా ఇక్కడ ఏం తాగారు?" అని అడిగాడు.

సెవరియన్ గ్లాసు కింద పెట్టాడు. కరమాన్ అన్నాడు. "నువ్వు పోశావు, మేం తాగాం బావా. ఇంకేం చెయ్యమంటావు?"

"చెప్పొచ్చుగా."

"చెప్పాను. మూడేళ్లు మాట్లాడలేదు నువ్వు."

నాలుగూ పది రైలు టైమైంది. దొమెంతీ అన్న గడియారం చూసుకుని, కర్ర అందుకుని గేటు వెయ్యడానికి వెళ్లాడు. మేం బల్ల చుట్టూ కూర్చునే ఉన్నాం. రైలు వెళ్లింది. గేటు ఎత్తిన చప్పుడైంది. తర్వాత చాలాసేపు ఆయన రాలేదు. వదిన లేవబోతే సెవరియన్ వద్దని సైగ చేశాడు.

వచ్చాడు. కూర్చోలేదు. గ్లాసు నింపుకుని వదిన వైపు తిరిగాడు.

"మబ్బు వచ్చిందా?" అన్నాడు.

"వచ్చింది. తొమ్మిదో తారీఖున."

"నువ్వెక్కడున్నావ్?"

"అరుగు మీద."

ఆయన తలూపాడు. "మక్వాలా కోసం" అని ఒక్క ముక్క అని మొత్తం తాగేశాడు. ఇక నుంచి ఎప్పుడు కొయ్యాలో ఆవిడే చెబుతుందని కూడా అన్నాడు.

అనడం తేలిక. మరుసటి సెప్టెంబరు వచ్చేసరికి ఆయన నిద్ర మానేశాడు, తీగల కింద తిరుగుతూ ఆకాశం వైపే చూసేవాడు. పదమూడున పెట్టె సర్దుకున్నాడు. ఎన్నో ఏళ్లుగా వాడని సెలవులన్నీ ఒకేసారి పెట్టి, పోతీ ఓడరేవులో ఉన్న చెల్లెలు జుజునా ఇంటికి రైలెక్కాడు. ద్రాక్ష బానలో పడ్డాక కబురు పెట్టండి, అప్పటిదాకా నాకు ఏమీ చెప్పొద్దన్నాడు.

అప్పటి నుంచి, రిటైరయ్యాక కూడా, ఏటా అంతే. వదిన ఆ ఆరు వారాలూ హాయిగా ఉంటుంది. జుజునా మాత్రం అక్టోబరు మొదట్లో ఫోన్ చేస్తుంది.

"వదినా, ఈ ఏడు కాస్త ముందు కొయ్యకూడదూ? మా అన్నయ్య నా వంటింటికి టైంటేబుల్ రాసి గోడకంటించాడు. చేపలు ఎన్నింటికి తిప్పాలో కూడా ఉంది అందులో."

"తిప్పు మరి" అంటుంది వదిన. "ఇంకా పండలేదు."