బోర్లించిన గంప

నాకు అక్షరాలు అరవై దాటాక వచ్చాయి. కోడలు పలక మీద దిద్దించింది. ఇప్పటికీ ఒత్తులొస్తే ఆగిపోతాను. అయినా ఈ ఒడియా ఊళ్ళో, గోసాని నువాగాంలో, మా వీధి ముసలివాళ్ళలో చదవగలిగేది నేనొక్కదాన్నే. అందుకే ఆ ఆదివారం ఆఫ్రికా సినిమాలకు మా వదినను తీసుకెళ్ళాను. తెర కింద పడే అక్షరాలు చదివి చెప్తానంటేనే ఆవిడ వచ్చింది.

కాలేజీ పిల్లలు కమ్యూనిటీ హాల్లో తెర కట్టి, గోడల నిండా ఫొటోలు తగిలించారు. ఆఫ్రికా వాళ్ళు, అక్కడి నుంచి ఎక్కడెక్కడికో వెళ్ళి స్థిరపడ్డ వాళ్ళు. పండగ చేస్తున్నామన్నారు. ఏ దేవుడికని అడిగాను. సినిమాలకేనట. పొట్టి సినిమాలు, కూర్చునేలోపు అయిపోతాయి. మొదటిదాంట్లో మంచు దేశంలో ఒక అమ్మాయి చెల్లికి జడ వేస్తూ ఫోన్లో తల్లితో మాట్లాడింది. జడ అయింది, సినిమా అయింది. అందరూ చప్పట్లు కొడితే నేనూ కొట్టాను.

వదిన సంగతి చెప్పాలి. మా అన్న పదకొండేళ్ళ కిందట పారాదీప్ వైపు పడవ పనికి వెళ్ళి తిరిగి రాలేదు. శవం దొరకలేదు. మా వాళ్ళలో సముద్రం మీదికి పోయినవాడు ఇక రాడని తేలితే, పెళ్ళాం చేపల గంపను గుమ్మం ముందు బోర్లిస్తుంది. వదిన బోర్లించలేదు. ఆ గంపతోనే బడా బజార్‌లో చేపలమ్మింది. అన్న పోయాడు, బోర్లించు అని ఎన్నోసార్లు మొహం మీదే చెప్పాను.

రెండో సినిమాలో సముద్రం వచ్చింది. ఒకావిడ చేపలు పొగబెట్టి, నీళ్ళ వైపు చాలాసేపు చూసి, ఖాళీ గంపను గుమ్మం ముందు బోర్లించి, ఏదో అని లోపలికి వెళ్ళింది. కింద ఒడియా ఒక వరస, తెలుగు ఒక వరస. నేను మొదటి మాట కూడబలుక్కునేలోపే రెండూ పోయాయి. నాకు అక్షరాలతో పనేముంది? వదిన చెవిలో చెప్పాను.

"గంప బోర్లించీసింది, సూడు వదినా. దాని మొగుడు పోనాడు. అదైనా ఒప్పుకుంది."

వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అంతలో తెర మీద ఒక మగవాడు మూట మోసుకొచ్చి, ఆ బోర్లించిన గంప మీదే కూర్చుని అన్నం పెట్టమని సైగ చేశాడు. ఆవిడ పెట్టింది.

"సచ్చిపోనాడన్నావు. తింటన్నాడు కదే," అంది వదిన. "అచ్చరాలేటి సెప్పినాయి?"

"సదవలేదు."

"సదవకుండానే సెప్పినావా? మీ అన్న సంగతీ ఇలాగే సెప్పినావా?"

 తర్వాత ఆ పిల్లల్లో ఒకమ్మాయిని పట్టుకుని అడిగాను. "కోళ్ళు దూరకుండా బోర్లించింది మామ్మా, ఆవిడే చెప్పింది కదా, కింద అక్షరాల్లో వేశాం కూడా," అంది.

దారంతా నేను అన్నను ఏం చూసి చంపేశానో ఎంత ఆలోచించినా తేలలేదు.

మర్నాడు పొద్దున్న వెళ్ళేసరికి వదిన గుమ్మం ముందు గంప కడిగి బోర్లించి ఉంది.  వీధిలో కోళ్ళు తిరుగుతున్నాయి. ఇది మా పద్ధతా, ఆ సినిమా ఆవిడ పద్ధతా? ఎవరినైనా ఏదైనా అడిగేస్తాను, ఇది మాత్రం నోటికి రాలేదు. వదిన బయటికి వచ్చి, దాని మీదే కూర్చుంది.

"టీ తాగుతావేటే?" అంది.

తాగుతానన్నాను.