లివరుకు కట్టిన ఎర్రగుడ్డ

ఆమెకు కన్నవాళ్ళు పెట్టిన పేరొకటి ఉంది. అది లైసెన్సు మీద తప్ప ఇంకెక్కడా కనపడదు. చెడిపోయిన బళ్ళకు కొక్కెం తగిలించి ఈడ్చుకొచ్చే పని పద్నాలుగేళ్ళుగా చేస్తోంది కాబట్టి ఊరందరికీ ఆమె కొక్కెమక్క. ఆమెకంటే పదేళ్ళు పెద్దవాళ్ళకు కూడా అక్కే. ఒకసారి కొక్కెం తగిలించాక వదిలేసి రావడం ఆమె ఇంటా వంటా లేదు. మంచి గుణమే, కాదనను. కానీ మంచి గుణమే మనిషిని ముంచే రోజు కూడా ఒకటి వస్తుంది.

పని ఆలుమగలిద్దరిదీ. ఆమె ముందు లారీ నడుపుతుంది. మొగుడు వెనక చచ్చిన బండిలో కూర్చుని స్టీరింగు పట్టుకుంటాడు. "జీవితమంతా పెళ్ళాం వెనకాలేనా" అని ఎవరైనా ఎగతాళి చేస్తే, "మధ్యలో ఆరు గజాల గొలుసుంది కదా, అందుకే కాపురం నిలబడింది" అంటాడు. బ్యాటరీ పోయిన బండిలో హారన్ మోగదు కాబట్టి తలుపు మీద అరచేత్తో కొడతాడు. ఒక దెబ్బ అంటే ఆగు. రెండంటే లాగు. మూడంటే వెనక్కి రా. ఆ మూడో గుర్తు పెట్టుకున్నారే గానీ, వాడాల్సిన అవసరం ఎన్నడూ పడలేదు.

ఆ ఏడాది క్వారీ దారిలో రాళ్ళు తగిలి లారీ అడుగు దెబ్బతింటోందని ఆమె పెద్ద టైర్లు వేయించింది. లారీ ఎత్తుగా, దర్జాగా కనిపించింది. బరువు కట్టి ఎత్తు ఎక్కమంటే మాత్రం ఆయాసపడింది. తీసుకెళ్ళి మేనమామ షెడ్డులో పెట్టింది. చక్రాలను తిప్పే యాక్సిల్ పనిలో ఆయన జుట్టు నెరిసింది. నోరు మాత్రం నెమ్మదించలేదు.

"టైరు పదో వంతు పెరిగితే లాగే బలం పదో వంతు తగ్గుతుంది. లోపల పళ్ళు మార్చకుండా బయట బూట్లు మార్చావు," అన్నాడు మావయ్య.

యాక్సిల్ లోపలి పాత గేరులో పెద్ద చక్రానికి నలభై ఒక్క పళ్ళు, చిన్నదానికి పది. అంటే చిన్నది నాలుగు చుట్లు దాటి తిరిగితే టైరు ఒక్క చుట్టు తిరుగుతుంది. చిన్నదాని చుట్లు పెరిగేకొద్దీ బలం పెరుగుతుంది, వేగం తగ్గుతుంది. ఆయన బల్ల మీద రెండు జతలు పెట్టాడు. ఒకటి నలభై ఒకటి-తొమ్మిది. రెండోది ముప్పై తొమ్మిది-ఎనిమిది.

"ఇది వేస్తా. ఏనుగునైనా లాగుతుంది," అని రెండోదాని మీద చెయ్యి వేశాడు.

"హైవే ఎక్కితే ఇంజను గగ్గోలు పెడుతుంది మావయ్యా. నా తిరుగుడు సగం హైవే మీదే. తొమ్మిది పళ్ళది చాలు, పాత బలం తిరిగొస్తుంది."

"పాత బలం చాలన్నదానివి పాత బరువులే లాగు మరి."

గంటసేపు వాదించుకున్నారు. ఆమె మాటే నెగ్గింది. వెనక యాక్సిల్లో కొత్త జత పడింది. ముందు యాక్సిల్‌కు కావలసిన జత మాత్రం రాలేదు, నాలుగు రోజులు పడుతుందన్నారు.

మావయ్య షెడ్డులో ఒక కట్టుబాటుంది. సగంలో ఉన్న పనికి ఆయన ఎర్రగుడ్డ కడతాడు. ఆ ముడి ఆయనే విప్పాలి. ముప్పై ఏళ్ళలో ఇంకో చెయ్యి దాన్ని ముట్టుకోలేదు. అప్పటిదాకా వెనక చక్రాలతోనే నడపమని, నాలుగు చక్రాలకూ పవర్ ఇచ్చే లివరుకు ఆ గుడ్డ బిగించి కట్టాడు.

"ముందుది ఒక లెక్క, వెనకది ఒక లెక్క. రెండూ కలిపావంటే దేని దారిన అది గుంజుకుంటుంది. బురదలో జారిపోతుంది కాబట్టి తెలీదు. గట్టినేల తగిలిందా, లోపల మెలిపడి లివరు బిగుసుకుపోతుంది. ఇంకా తొక్కితే విరుగుతుంది. విన్నావా?"

"విన్నాను." వినడం వేరు, చెవికెక్కడం వేరు.

మర్నాడు మధ్యాహ్నం క్వారీ గుమాస్తా ఫోన్ చేశాడు. రాళ్ళ టిప్పరు ఒకటి బురదలో జారి, క్వారీ గుంట అంచున ఆగిందట. డ్రైవరు దూకేశాడు. గుంటలో నలభై అడుగుల నీళ్ళు. వేరే బండి రావాలంటే సాయంత్రమవుతుంది.

వెళ్ళి చూస్తే టిప్పరు వెనక చక్రాలు అంచుకు రెండు గజాల్లో ఉన్నాయి. బ్రేకుల్లో గాలి లేదు, తొక్కినా పడవు. ఆమె లారీ మీద తీగను చుట్టుకుంటూ లాగే వించి ఉంది. దాని తీగ తగిలించి లాగితే టిప్పరు కదల్లేదు, ఆమె లారీయే వెనక్కి జారింది. ఇక నడిపి లాగాల్సిందే. గొలుసు కట్టారు. మొగుడు టిప్పరెక్కాడు.

రెండు దెబ్బలు. ఆమె తొక్కింది. వెనక టైర్లు బురదలో గోతులు తవ్వుకున్నాయి. టిప్పరు ఒక అడుగు అంచు వైపు జరిగింది, అతను లోపల ఉండగానే.

కొక్కెమక్క ఇంకేమీ ఆలోచించలేదు. ముడి విప్పింది, గుడ్డ ఒళ్ళో పడేసింది, లివరు వేసింది. నాలుగు చక్రాలూ కొరికి పట్టుకున్నాయి. టిప్పరు పది గజాలు పైకి వచ్చింది. ఆమె మనసులో మావయ్యను వెక్కిరించుకుంది కూడా.

అంతలో ముందు టైర్లు తారురోడ్డు ఎక్కాయి, వెనకవి కంకర మీదికి వచ్చాయి. స్టీరింగు రాయిలా బిగిసింది. అడుగున ఎక్కడో కటక్కున మోగింది. లారీ నిలబడిపోయింది. బ్రేకు తొక్కిపట్టి లివరు లాగింది. రాలేదు. రెండు చేతులతో లాగినా రాలేదు. ముందుకు తొక్కితే గేరు విరుగుతుంది, విరిగితే రెండు బళ్ళూ నీళ్ళలోకే. లోపలి మెలి విడాలంటే జానెడు వెనక్కి వెళ్ళాలి. వెనక ఉన్నది వాలు, వాలు చివర గుంట.

కిటికీలోంచి తల బయట పెట్టి చెప్పింది. "ఏమయ్యా, వెనక్కి రావాలి. జానెడు. నువ్వు దిగి దూరంగా పో."

అతను దిగాడు గానీ దూరం పోలేదు. చెక్క దిమ్మె తీసుకుని టిప్పరు వెనక చక్రం కింద పెట్టాడు. అది బురదలో జారింది. మళ్ళీ పెట్టి, పార కాడ ఆన్చి, భుజంతో నెట్టిపట్టుకున్నాడు. అద్దంలో ఆమెకు అతని మోచెయ్యి ఒక్కటే కనిపిస్తోంది.

"జరుగయ్యా."

"జరిగితే దిమ్మె నిలవదే. నువ్వు రా."

నా పంతం వల్లే కదా ఈ మనిషి అక్కడ నిలబడ్డాడు అనుకుంది. టిప్పరు రేకు మీద దెబ్బలు పడ్డాయి. ఒకటి. రెండు. మూడు.

బ్రేకు వదిలింది. లారీ జానెడు వెనక్కి దొర్లింది. టిప్పరు కూడా దొర్లింది. దిమ్మె బురదలో దిగబడిన చప్పుడు, ఆ వెంటనే మనిషి మూలుగు. లివరు చేతిలోకి వెన్నలా వచ్చేసింది. బ్రేకు తొక్కి అద్దంలోకి చూసింది. మోచెయ్యి కనిపించలేదు.

బ్రేకు వదిలి దిగడానికి లేదు. అలా ఎంతసేపు కూర్చుందో ఆమెకు తెలియదు. గుమాస్తా తర్వాత అర నిమిషమన్నాడు. ఆమె ఇప్పటికీ ఒప్పుకోదు.

రెండు దెబ్బలు వినిపించాయి, మెల్లగా.

ఇప్పుడు కంకర మీద ఉన్న వెనక చక్రాల బలంతోనే, అంగుళం అంగుళంగా, టిప్పరును రోడ్డెక్కించింది.

షెడ్డుకు చేరేసరికి మావయ్య టీ తాగుతున్నాడు. అల్లుడి అరచేతికి కట్టిన ఎర్రగుడ్డను చూశాడు. దాని మీద నెత్తుటి మరక చూశాడు. గ్లాసు కింద పెట్టి, లారీ తాళం తీసుకుని జేబులో వేసుకున్నాడు.

"నేను చెప్పింది వేసుంటే ఆ లివరు జోలికే పోయేదానివి కాదు," అన్నాడు.

"అది వేసుంటే ముందుకూ వెనక్కూ తేడా పెరిగి, మెలి ఇంకా గట్టిగా పడేది మావయ్యా," అన్నాడు అల్లుడు, పెళ్ళాన్ని వెనకేసుకొస్తూ. "లివరు వచ్చేదే కాదు."

"మరి ఇప్పుడు ఏం వెయ్యమంటావే? తొమ్మిదా, ఎనిమిదా?"

కొక్కెమక్క మొగుడి చేతికేసి చూస్తోంది.

"ఏదైనా వెయ్యి మావయ్యా," అంది. "ముందూ వెనకా ఒకటే వెయ్యి."