లక్ష్మీదేవి వదిలేసిన మూడో సూది

2023లో హిందూపురంలో ఒక ప్రైవేటు ఎముకల క్లినిక్‌లో ఆయాగా ఉన్నాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. పెనుకొండ నుంచి పొద్దున బస్సుకు వచ్చి సాయంత్రం పోతాను. రోగిని లోపలికి పిలవడం, సూది వేసేటప్పుడు కాలు కదలకుండా పట్టుకోవడం, అయిపోయాక ఇంటి దగ్గర ఏం చేయాలో చెప్పి పంపడం నా పని. నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. చూసింది చూసినట్టు రాస్తాను, అంతకు మించి నా దగ్గర లేదు.

ఆ ఏడాదే మా క్లినిక్‌లో పీఆర్‌పీ మొదలుపెట్టారు. పూర్తి పేరు ప్లేట్‌లెట్ రిచ్ ప్లాస్మా. రోగి చేతిలోంచే కొంచెం రక్తం తీసి, సెంట్రిఫ్యూజ్ అనే గిర్రున తిప్పే మిషన్లో పెడతారు. ఎర్రది అడుక్కి పోతుంది, పైన పసుపుపచ్చటి నీరు తేలుతుంది. గాయం మాన్పే కణాలు అందులో ఎక్కువట. ఆ నీటిని సూదితో మోకాలి కీలులోకి ఎక్కిస్తారు. కొందరికి నొప్పి తగ్గడం చూశాను. కొందరికి ఏమీ కాకపోవడమూ చూశాను. ఎవరికి ఏదవుతుందో ముందే గట్టిగా చెప్పిన డాక్టరును మాత్రం చూడలేదు.

లక్ష్మీదేవి ధర్మవరం నుంచి భర్త నారాయణప్పతో రైల్లో వచ్చింది. యాభై దాటిన మనిషి. పట్టుచీరలు నేస్తుంది. నారాయణప్పకు చూపు మందగించి, పట్టుదారం కండెలకు చుట్టే పనికి దిగాడు. మగ్గం మీద కూర్చునేది ఈమె ఒక్కతే. కుడి మోకాలు రాత్రీ పగలూ సలుపుతోందని వచ్చింది. ఆ కాలు పనిచేయకపోతే మగ్గం ఆగిపోతుంది, వాళ్ల బతుకంతా ఆ మగ్గం మీదే.

డాక్టరు ఎక్స్‌రే చూసి, ఎముకల మధ్య మెత్తటి పొర చాలావరకు అరిగిందన్నాడు. ఆపరేషన్ చేయించుకోవచ్చు, లేదంటే పీఆర్‌పీ ప్రయత్నించి చూడొచ్చు అన్నాడు. ఆపరేషన్ మాట వినగానే ఆమె తల అడ్డంగా ఊపింది. దాంతో ఇద్దరినీ కౌన్సెలర్ మేడం గదికి పంపారు. చికిత్స ఖర్చు చెప్పేది ఆమే.

"ఒక సిట్టింగు ఎనిమిది వేలు. మూడు సిట్టింగులు వేసుకోవాలి. మూడూ కలిపి ప్యాకేజీ అయితే ఇరవై ఒక్క వేలు. ఈ రోజు కడితేనే ఆ రేటు" అంది మేడం.

"సర్కారు కార్డు ఉండాది మేడం" అన్నాడు నారాయణప్ప.

"దీనికి చెల్లదు."

"రక్తం మాదే గదా మేడం. మా కాడ పట్టు ఎవురిదో వాళ్లే ఇస్తారు, మేము కూలి మాత్రమే తీసుకుంటాము. మీరు గూడా అట్లే కూలి చెప్పండి."

మేడం నవ్వింది. రేటు మాత్రం తగ్గించలేదు.

బయటికి వచ్చాక లక్ష్మీదేవి నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, నువ్వు మన పక్క మనిషి మాదిరి ఉండావు. నిజం చెప్పు. ఈ ఇరవై ఒకటేనా, ఇంకా ఏమన్నా అయితాదా?"

"అంతేమ్మా. మూడు సూదులకూ అంతే" అన్నాను.

గోడ మీది రేట్ల బోర్డులో ఉన్నదే చెప్పాను. వచ్చిన ప్రతిసారీ కట్టే కన్సల్టేషన్ ఫీజు, ముందు తీయించాల్సిన స్కానింగు, మోకాలికి వేసుకునే బెల్టు ఆ ఇరవై ఒక్క వేలలో లేవు. అవి నాకు తెలుసు. అడిగిన మనిషికి చెప్పాలని తోచలేదు. అన్నిటికంటే పెద్ద ఖర్చు ఇంకొకటి ఉంది. అది అప్పటికి నాకూ తెలియదు.

చీరలు నేయించే సావుకారు దగ్గర కూలి ముందుగానే తీసుకుని నాలుగు రోజులకు మళ్లీ వచ్చారు. ఈ రోజు కడితేనే అన్న రేటు ఆ రోజూ అదే ఉంది. అది ఎప్పుడూ అదే ఉంటుంది.

మొదటి సూది అయ్యాక ఆమెను లేపి కూర్చోబెట్టి నేను రోజూ అందరికీ చెప్పేదే చెప్పాను. "మూడు వారాలు రెస్టు. నడక తగ్గించు. మెట్లెక్కొద్దు, బిందెలు మోయొద్దు, నిలబడి పని చేయొద్దు. నొప్పిగోళీలు మింగొద్దు, సూది గుణం పోతాది. కూర్చొని ఉండు."

"కూర్చొనే ఉంటాలే అక్కా" అంది.

నెల తర్వాత రెండో సూదికి వచ్చినప్పుడు మోకాలు కొంచెం వాచి ఉంది. మొదట్లో కొందరికి అట్లాగే ఉంటుందని డాక్టరు రెండోది వేశాడు. ఇంకో నెలకు మూడోదానికి వచ్చింది. ఈసారి ఆటోలోంచి భర్త భుజం పట్టుకుని దిగింది. మంచం మీద పడుకోబెట్టి చీర పైకి జరిపితే మోకాలు కుండలా ఉంది. నాకు కోపం వచ్చింది.

"ఏమ్మా, చెప్పింది వినే రకం కాదే నువ్వు. యాడాడ తిరిగినావు?"

ఆమె ముఖం చిన్నబోయింది. "యాడికీ పోలేదక్కా. నీళ్లు ఆయప్పే పట్టినాడు. వంట గూడా ఆయప్పదే, ఒకనాడు ఉప్పుంటే ఒకనాడు ల్యా. నువ్వు చెప్పినట్టే రెండు నెలలూ కూర్చొనే ఉండా. మగ్గం మీంచి నాలుగు చీరలు దిగినాయి గూడా."

"ఎట్లాగూ కూర్చొనేదే గదా అని మునుపటి కంటే ఎక్కువే నేసింది. తీసుకున్న కూలి గూడా తీరిపోతాదని" అన్నాడు నారాయణప్ప.

ఆమె పాదం ఇంకా నా చేతిలోనే ఉంది. గుంత మగ్గం చూడనిదాన్ని కాదు. నేలలో గుంత ఉంటుంది, నేసేవాళ్లు అంచున కూర్చుని కాళ్లు అందులోకి వేలాడేస్తారు. ఒక్కో పోగుకు ఒకసారి కాలితో తొక్కాలి. ఒక్క చీరకు ఎన్ని వేలసార్లు తొక్కాలో వాళ్లూ లెక్కపెట్టరు. అయినా నేసేవాళ్లకు అది కూర్చుని చేసే పని. కాళ్ల పని అంటే నడవడం, మోయడం. ఆమె నా మాట తప్పలేదు. తూచా తప్పకుండా పాటించింది.

డాక్టరుకు చెప్పాను. ఎక్స్‌రే మళ్లీ చూశాడు. "తొక్కడం వల్ల వాపు పెరిగి ఉండొచ్చు. తొక్కకపోయినా ఇంత అరిగిన మోకాలికి ఇది పనిచేస్తుందని నేను గ్యారంటీ ఇవ్వలేదు" అన్నాడు. నిజమే, ఇవ్వలేదు. ఆమె సంతకం పెట్టిన కాగితంలోనూ ఆ మాట ఉంది. వాపు తగ్గాక మూడోది వేస్తానని, ఆ తర్వాత ఆరు వారాలు మగ్గం తొక్కకూడదని చెప్పాడు.

లక్ష్మీదేవి మంచం మీంచి నెమ్మదిగా కాళ్లు దించింది. "ఆరు వారాలు మగ్గం ఆపితే సావుకారు పట్టు ఇంకో ఇంటికి ఇస్తాడు సార్. మాకు మళ్లీ ఇయ్యడు. ఈ మాట మొదట్లోనే చెప్పింటే సూది జోలికే వచ్చేదాన్ని కాదు."

డాక్టరు నా వైపు చూశాడు. నేను ఆమె చెప్పులు దగ్గరికి జరిపాను.

ఆమె మూడో సూది వేయించుకోలేదు. దాని డబ్బు అడిగితే, ప్యాకేజీలో వెనక్కి ఇవ్వడం ఉండదని మేడం చెప్పింది. నారాయణప్ప ఆమెను నడిపించుకుని పోయాడు.

ఏడాది తర్వాత ధర్మవరం పోయినప్పుడు వాళ్లిల్లు వెతుక్కుంటూ పోయాను. కాలు ఇక తొక్కనివ్వక మగ్గం అమ్మేశారు. గుంతను మట్టితో పూడ్చి పైన బండ పరిచారు. లక్ష్మీదేవి ఆ బండ మీదే కాలు చాపుకుని ఎవరో నేసిన చీరలకు కుచ్చులు కడుతోంది.

"దీనికి కాళ్లు అక్కర్లేదులే అక్కా" అంది. "కూర్చో, కాఫీ పెట్టమంటా."

చీరకు ఎంతిస్తారని అడిగితే నవ్వి ఇంకో కుచ్చు ముడేసింది. నా మీద కోపం ఉందా అని అడగలేదు. లేదు అంటుందని తెలుసు. ఆ మాట వినే ముఖం నాకు లేదు.

అప్పటి నుంచి రేటు అడిగినవాళ్లను ముందు ఏం పని చేస్తారని అడుగుతాను. మగ్గమా, కాలితో తొక్కే కుట్టుమిషనా, రోజంతా గొంతుకూర్చుని చేసే పనా అని అడుగుతాను. ఎన్ని వారాలు ఆ పని ఆపాలో చెప్పి, ఆ కూలి కూడా ఈ రేటులో కలుపుకుని చూసుకోండి అంటాను. ఎంత అరిగిందో, ఎంత తగ్గుతుందో డాక్టరును గట్టిగా అడగమంటాను. మేడం నా మీద ఫిర్యాదు చేసింది. "నీ మాటలకు పేషెంట్లు వెనక్కి పోతున్నారంట?" అని డాక్టరు అడిగాడు. పోతున్నారు సార్ అన్నాను.

అట్లా వెనక్కి పోయినవాళ్ల మోకాళ్లు బాగుపడ్డాయని నేను చెప్పను. వాళ్లు కుంటుకుంటూ వచ్చారు, కుంటుకుంటూనే మెట్లు దిగి పోయారు. వాళ్ల మగ్గాలు మాత్రం ఇంకా ఇండ్లలోనే ఉన్నాయి.