గోత్రం తెలియని మనిషికి

ఈ రోజు పెత్రమాస. పోయినవాళ్ల పేరున బియ్యం ఇవ్వడానికి చిన్నాన్నతో కాశిబుగ్గ గుడికి వెళ్లాను. చనిపోయిన ఎవరో మనిషి కిడ్నీని రెండేళ్ల క్రితం ఆయనకు అమర్చారు. "ఒకలు పోతేనే నేను బతికిన" అని అప్పటి నుంచీ కుమిలిపోతున్నాడు. తాతల పేర్లయ్యాక ఇంకో విస్తరి బియ్యం ముందుకు జరిపాడు.

"ఇది ఎవలకు?" అని అడిగారు అయ్యగారు.

"పేరు తెల్వదయ్యగారూ. ఆడో మగో సుత చెప్పలే. ఆళ్ల కిడ్నీ నా కడుపుల ఉన్నది."

"గోత్రం?"

చిన్నాన్న విస్తరి వెనక్కి తీసుకోబోయాడు.

అయ్యగారు ఆపి, "నీ ఒంట్ల ఉన్నంక నీ ఇంటోళ్లే గద. నీ గోత్రమే చెప్పు" అన్నారు.

చిన్నాన్న మాస్కులోంచే తన గోత్రం గట్టిగా చెప్పాడు.

ఇన్ని పుస్తకాలు చదివినా రెండేళ్లలో నాకు అయ్యగారు చెప్పిన ఆ మాట తట్టలేదు. మీకు తట్టేదా?