నదికి ఇవతలే ఆగిన రోడ్డు

అలాస్కాలో ఉత్తరాన ఓ గనికి కంకర రోడ్డు వేస్తున్న రోజులవి. అక్కడ అడుగున నేల ఏడాది పొడవునా గడ్డకట్టే ఉంటుంది. అది కరిగితే రోడ్డు కుంగిపోతుంది కాబట్టి మందంగా కంకర పరుస్తూ, రెండు చివర్ల నుంచీ పని చేసుకొచ్చాం. మధ్యలో నది. వంతెన ఇంకా కట్టలేదు. చలికాలమంతా లారీలు గడ్డకట్టిన నది మీదే దాటేవి. మే నెలలో ఆ మంచు పగిలాక, గని వైపున్న మా క్యాంపుకి చిన్న విమానం ఒక్కటే దిక్కు.

క్యాంపులో తెలుగువాళ్ళం ఇద్దరమే, నేనూ నా పై ఇంజనీరూ. ఆయన్ని అన్నా అనేవాణ్ణి. ఓ ఉదయం ఆయనకి కడుపునొప్పి మొదలైంది. ఆకాశం నిర్మలంగా ఉంది, విమానం తిరిగి వెళ్ళడానికి సిద్ధంగా ఉంది. ఎక్కమంటే వింటేనా!

"గ్యాస్‌రా బాబూ. రాత్రి ఆవకాయ కాస్త ఎక్కువేసుకున్నా. దీనికే ఫ్లైట్ ఎక్కితే సైట్‌లో నవ్వుతారు. కాసిని వాము నీళ్ళు కాచిపెట్టు."

మనవాళ్ళకి గుండెపోటైనా ముందు గ్యాసే. నాకు ఒళ్ళు మండింది. అయినా కాచి ఇచ్చాను. విమానం వెళ్ళిపోయింది. సాయంత్రానికి పొగమంచు కమ్మేసింది, హెలికాప్టర్‌లో కూడా రాలేమన్నారు.

మర్నాడు నొప్పి కుడివైపుకి దిగి మెలికలు తిరిగిపోతుంటే, ఆయన్ని పికప్ వెనక సీట్లో పడుకోబెట్టి మా రోడ్డు చివరిదాకా తీసుకెళ్ళాను. రేడియోలో పిలిచిన అంబులెన్స్ అప్పటికే అవతలి ఒడ్డుకి వచ్చింది. దాని లైట్లు మసగ్గా తెలుస్తున్నాయి. మధ్యలో గదులంతేసి మంచుపెళ్ళలు ఒకదాన్నొకటి గుద్దుకుంటూ పోతున్నాయి. పడవ దించే మాటే లేదు. అంత రోడ్డు వేసినవాళ్ళం, ఆ కాస్తా దాటలేక నిలబడ్డాం. నాకు ఏడుపొచ్చింది. అపెండిక్స్ కావచ్చు, నోటికేమీ ఇవ్వొద్దు, పొగమంచు విడేదాకా ఆగాలి అని అంబులెన్స్‌లోని నర్సు రేడియోలో చెప్పింది.

మధ్యాహ్నం అన్న ఉన్నట్టుండి మూలగడం ఆపాడు.

"తగ్గిందిరా! ఒక్కసారిగా పోయింది," అన్నాడు నవ్వుతూ.

సంబరంగా బండి దిగి రేడియోలో చెప్పాను. లోపల అపెండిక్స్ పగిలిపోయి ఉంటుందని, పగిలినప్పుడే నొప్పి అలా తగ్గుతుందని, ఇక ఎక్కువ టైం లేదని నర్సు మెల్లగా చెప్పింది.

నేను తిరిగొచ్చి తలుపు తీశాను.

"ఏమంటోంది?"

"మంచిదే అంటోందన్నా."

"హమ్మయ్య. అయితే మీ వదినకి ఫోన్ చేయకు. ఊరికే టెన్షన్ పడుతుంది."

సరేనన్నాను.