ఎండాకాలం మోగే కిటికీ

ఏప్రిల్ రాగానే మహబూబాబాద్‌లో మా ఇంటి కిటికీ రెక్కలు టకటకమంటాయి. వడగాలికి టేకు పలకలు చట్రాల్లో కదులుతుంటాయి. వడ్రంగి ఇల్లే ఇలా మోగితే గిరాకీ ఎలా వస్తుందని చుట్టాలు జాలిపడతారు. నాకు మాత్రం జనగామలో పని నేర్పిన సత్తన్న గుర్తొచ్చి నవ్వొస్తుంది.

డిగ్రీ అయ్యాక ఏ ఉద్యోగమూ నన్ను వెతుక్కుంటూ రాకపోవడంతో నేనే సత్తన్న కార్ఖానా వెతుక్కుంటూ పోయాను. నడుమ ఉబ్బెత్తుగా, అంచులు పలుచగా చెక్కిన పలకలతో కిటికీ రెక్కలు చేయడంలో ఆయనకు పేరు. చట్రం మూలలకే జిగురు పెట్టేవాడు. పలకను మాత్రం గాడిలో వదులుగా కూర్చోబెట్టి, రెండు పక్కలా కాస్త ఖాళీ ఉంచేవాడు. ఎండకు పలక కుంచించుకుపోయినా అంచున పచ్చి గీత కనబడకుండా, బిగించకముందే నిండా పాలిష్ పట్టించేవాడు.

"కట్టెను కోసినం గని సంపలేదురా. వానకు ఉబ్బుతది, ఎండకు గుంజుకపోతది. దానికి జర జాగ ఇయ్యాలె," అనేవాడు.

నరికి, కోసి, చిత్రిక పట్టాక కూడా బతికే ఉందంటే గట్టి ప్రాణమే అనుకున్నాను.

రఘునాథపల్లిలో బోరుబండి మల్లన్న కొత్త ఇంటికి కిటికీలన్నీ మేమే ఒప్పుకున్నాం. నడి ఎండాకాలంలో మొదటి జత బిగించాం. ఆయన రెక్క ఊపి చూశాడు. పలక టక్కుమంది. బోరుబండి పక్కన నిలబడి నిలబడి సగం చెవుడు తెచ్చుకున్న మనిషికి ఆ ఒక్క చప్పుడు మాత్రం స్పష్టంగా వినిపించింది.

"ఏందే సత్తన్నా, గిది ఊగుతాంది? జిగురు వెట్టు. లేకుంటె మిగిలినయి వేరేటోనితోని చేయించుకుంట."

ఆ వేసవిలో మాకు మరో పని లేదు. "ఒక్క చుక్కనే గదనే అన్నా," అని సత్తన్న చెవిలో గొణిగాను.

"చుక్క వెడితె ఇయ్యాల ఈయన నోరు మూతవడ్తది. వానకాలం కిటికీ నోరు తెరుస్తది," అన్నాడు. మల్లన్నను, నన్ను వెంటబెట్టుకుని నేరుగా తన ఇంటికి తీసుకుపోయి, వంటింటి కిటికీ చూపించాడు. మూలలు విచ్చుకుపోయిన రెక్క మూతపడక, తాడుతో కట్టేసి ఉంది.

"గిదెవడు చేసిండు?" అన్నాడు మల్లన్న.

సత్తన్న భార్య లచ్చక్క చాయ్ తెచ్చింది. "ఇంకెవలు, మీ సత్తన్ననే. మోగుతాందని నేను ఎక్కిరిస్తె రోషమొచ్చి జిగురు వెట్టిండు. వాన వడంగనే పలక ఉబ్బి మూలలను తన్నింది. అప్పటిసంది మా పెరుగు పిల్లిదే."

"మరి బాగుచేసుకోరాదే?"

"బాగుచేస్తె నీ అసొంటోళ్లకు ఏం జూపియ్యాలె?" అన్నాడు సత్తన్న. పరువు పోయినవాడిలా కాదు, టికెట్లన్నీ అమ్ముడుపోయిన సర్కస్ యజమానిలా.

మల్లన్న చాయ్ ఒలికేలా నవ్వాడు. మిగతా కిటికీలూ మాకే వచ్చాయి. వానలు పట్టాక ఫోన్ చేశాడు. "సప్పుడు బందయిందే! ఎప్పుడొచ్చి సక్కజేసినవ్?"

"నేను రాలె. వానొచ్చింది," అన్నాడు సత్తన్న.

సత్తన్న పోయాక, వంటింటికి కొత్త రెక్కలు చేసిస్తానని లచ్చక్కతో అన్నాను.

"వద్దురా. ఆయన మంచిగ చేసినయన్ని ఊరోళ్ల ఇండ్లల్ల ఉన్నయి. నాకు మిగిలింది గిదొక్కటే," అంది. ఆ వెంటనే, "పిల్లికి గూడ అలవాటయింది," అని చాయ్ చేతికిచ్చింది.

చాయ్ తాగి, ఆ తాడునే బిగించి కట్టి వచ్చాను. ఇంటికి చేరేసరికి మా కిటికీలు మోగుతూనే ఉన్నాయి. అంటే, బాగానే ఉన్నాయి.