ఎండాకాలంలో నీరైన ఉప్పు

2018 ఎండాకాలం. ఆత్మకూర్‌లో బస్టాండు నుంచి చేనేత వాడకు పోయే దారిలో మా కిరాణా దుకాణం. మా ఆయన పోయినప్పటి నుంచి గల్లా మీద నేనే కూర్చుంటున్నాను. కృష్ణ దగ్గరే పారుతున్నా, ఏప్రిల్ వచ్చిందంటే మా ఊళ్లో గాలి పొయ్యి మీంచి లేచి వచ్చినట్టు ఉంటుంది. ఆ నెలల్లో దుకాణం నడిపేవాళ్లకు ఒక్కటే సుఖం, సరుకుకు పురుగు భయం తక్కువ. వానలు మొదలయ్యాకే మాకు అసలు కష్టకాలం.

కిరాణా అంటే అమ్మడమే అని బయటివాళ్లు అనుకుంటారు. అమ్మడం ఎవరైనా అమ్ముతారు. సరుకు పాడుకాకుండా చూసుకోవడానికే మా ప్రాణం సగం పోతుంది. కంపెనీ ప్యాకెట్ మీద షెల్ఫ్ లైఫ్ వేసి ఉంటుంది, అంటే ఎన్నాళ్లు నిలవ ఉంటుందో వాళ్లే చెప్తారు. లూజు సరుకుకు, అదే బస్తా విప్పి తూచి ఇచ్చే పప్పూ బియ్యానికి, అలాంటి ముద్ర ఉండదు. ముక్కుతో, వేళ్లతో మనమే కనిపెట్టాలి. కొత్త బస్తా దిగినప్పుడు పాతదాన్ని ముందుకు జరిపి ముందు అదే అమ్మాలి, దాన్ని స్టాక్ రొటేషన్ అంటారు. ఈ పనిలో నేను ఏనాడూ బద్ధకించలేదు. అందుకే నా సరుకును ఎవరైనా ఒక్క మాట అంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఆ ఏప్రిల్‌లో ఒక పొద్దున నర్సమ్మ వచ్చింది. చేనేత వాడలో వాళ్లది మగ్గం ఇల్లు. కొడుకు వెంకటేశు నేస్తాడు, ఆమె నూలు కండెలు చుట్టి ఇస్తుంది. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచి ఎరిగిన మనిషి, ఒకరినొకరం వదినె అని పిలుచుకుంటాం. పలకరింపు కూడా లేకుండా స్టీలు డబ్బా మూత తీసి, గల్లా పక్కన పేపరు మీద కుమ్మరించింది. కందిపప్పు. పప్పు కంటే ముందు పురుగులే బయటికి నడిచి వచ్చాయి.

నేను లేచి, అదే బస్తాలోంచి దోసెడు పప్పు తెచ్చి పక్కన పోశాను.

"గిది నా దగ్గరున్న పప్పు, గది నీ దగ్గరికొచ్చిన పప్పు. రెండొక్క బస్తవే. జర కండ్లు పెట్టి సూడు" అన్నాను.

"నీ సరుకును నేనేడ అంటున్న వదినె? నీ పప్పు మంచిదే. మా కోడలి చెయ్యే మంచిగ లేదు" అంది నర్సమ్మ.

చెయ్యి మంచిది కావడం అంటే తెలియనివాళ్లు తెలుగునాట ఉండరు. కొందరు చెయ్యి పెడితే నిలవ ఉంటుంది, కొందరు ముట్టుకుంటే మామిడికాయ తొక్కు, అదే నిలవ పచ్చడి, బూజు పడుతుంది అంటారు. నేనేదో వీటన్నిటికీ అతీతురాలినని చెప్పుకోను. బోణీ ఎవరి చేతి మీదుగా అవుతుందో నేనూ ఓరకంట చూసుకునేదాన్నే. అందుకే నర్సమ్మ మాటకు వెంటనే ఎదురు చెప్పలేకపోయాను.

"అది అడుగు పెట్టి రెండేండ్లు. అప్పటి సంది ఇంట్ల ఏదీ నిలుస్తలేదు. బియ్యం ముక్కిపోవట్టె, జొన్నపిండి ఉండలు కట్టవట్టె, పల్లీలకు బూజు పట్టవట్టె. కొన్నదాంట్ల సగం పక్కింటోళ్ల కోళ్లకే పోతాంది. నువ్వు ఇగ మీదట సరుకు దాని చేతికియ్యకు. నేనే వస్త" అని పేపరు చుట్టుకుని వెళ్లిపోయింది.

నా పప్పు మీద నింద లేదని ముందు ఊపిరి పీల్చుకున్నాను. అది ఎవరి నెత్తిన పడిందో తట్టేసరికి మధ్యాహ్నమైంది. అప్పటి నుంచి అన్నం సయించలేదు.

ఆ కోడలు పేరు లావణ్య. వాళ్లవాళ్లూ చేనేత కులమే కానీ, తండ్రి మగ్గం వదిలి జడ్చర్లలో కంపెనీ పనిలో చేరాడు. అక్కడ పెరిగిన పిల్ల. వాడ అంతా నన్ను వదినె అనో అక్క అనో పిలుస్తుంటే ఈమె ఒక్కతే ఆంటీ అనేది. కొద్ది రోజుల తర్వాత, బేరం లేని వేళ చూసుకుని దుకాణానికి వచ్చింది.

"ఆంటీ, పురుగు రాకుంట ఏమన్న మందు ఉంటదా?"

తినే సరుకులో మందులు కలపకూడదని, పప్పు ఎండలో పెట్టి డబ్బాకు ఎత్తుకోమని చెప్పాను. పూర్తిగా చల్లారాకే మూత పెట్టాలి, వేడి మీద మూత పెడితే లోపల చెమట పట్టి ఉన్న పప్పు కూడా పోతుందని జాగ్రత్త చెప్పాను.

"అన్నీ చేసిన ఆంటీ. చల్లారినంకనే మూత పెట్టిన. ఎండిన వేపాకు ఏసిన. డబ్బలు కడిగి, ఎండబెట్టి, తుడిసి పోసిన. అయినా అంతే" అని తలవంచుకుంది. "వచ్చే వారం తొక్కు పెడ్తున్నరు. మా ఆడబిడ్డను పిలిపిస్తున్నరు. ఆ దినం నన్ను వంటింట్లకు రావొద్దన్నరు అత్తమ్మ" అంది.

"ఆ ముసలామెకు చాదస్తం. నువ్వేం ఫికర్ చెయ్యకు" అన్నాను.

"అత్తమ్మ అన్నందుకు గాదు ఆంటీ. నాకు గూడ గట్లనే అనిపిస్తాంది. బియ్యంల చెయ్యి పెడ్తలేను, గిన్నెతోని ముంచుకుంటున్న. ఆఖరికి ఉప్పు గూడ, నేను తీసిన ఉప్పు గూడ నీళ్లయితాంది."

ఇరవై ఏళ్లు నిండీ నిండని పిల్ల తన చేతుల వంక తానే అనుమానంగా చూసుకుంటోంది. ఓదార్చడానికి నోరు తెరిచాను. అంతలో ఆమె చివరి మాట చెవికెక్కింది.

"ఉప్పు నీళ్లయితాందా? ఈ ఎండలల్ల?"

"అవును ఆంటీ. డబ్బ కింద తడి కడ్తాంది."

వానాకాలంలో ఉప్పు చెమ్మగిల్లడం ప్రతి ఇంట్లోనూ ఉన్నదే. ఏప్రిల్‌లో మా ఊళ్లో తడిబట్ట ఆరేసి వెనక్కు తిరిగేలోపు ఆరిపోతుంది. నా దుకాణంలో ఉప్పు గలగలలాడుతోంది. అటువంటి ఎండల్లో ఒక ఇంట్లో ఉప్పు నీరవుతోందంటే అది చేతి గుణం కాదు, గాలిలో ఎక్కడో నీళ్లున్నాయి. సరుకు వ్యాపారంలో దీన్ని మాయిశ్చర్ అంటారు, చెమ్మ. పురుగుకైనా బూజుకైనా అదే పుట్టిల్లు.

"సరుకులు యాడ పెడ్తరు మీరు?"

"మగ్గం అర్రల."

ఆ మధ్యాహ్నమే దుకాణం మూసి, ఒక బొరుగుల ప్యాకెట్, అదే మరమరాలు, చేత పట్టుకుని వాళ్లింటికి పోయాను.

వెంకటేశు గుంత మగ్గంలో కూర్చుని నేస్తున్నాడు. బయట నిప్పులు చెరిగే ఎండ నుంచి ఆ గదిలో అడుగు పెట్టగానే ఒంటికి ఎంత హాయిగా ఉందో చెప్పలేను. కిటికీకి తడి గోనెపట్టా వేలాడుతోంది. నేల మీద అప్పుడే నీళ్లు చిలకరించారు. నేతగాళ్ల ఇళ్లల్లో ఎండాకాలం ఇది తప్పదు, గాలి పొడిగా ఉంటే పడుగు పోగులు పుటుక్కున తెగిపోతాయి. ఆ తడి నేల మీదే, గోడకు ఆనించి బియ్యం బస్తా, జొన్నల బస్తా, వాటి మీద పప్పుల డబ్బాలు ఉన్నాయి. మూల గూట్లో ఉప్పు. పుట్టిన నాటి నుంచి ఆ చెమ్మలోనే బతికిన నర్సమ్మకు అది చెమ్మని తెలియదు. మగ్గం లేని ఇంట్లో పెరిగిన లావణ్యకు, మగ్గం ఇల్లంటే ఇంతే కాబోలు అనిపించి ఉంటుంది.

ఉపన్యాసం ఇస్తే నర్సమ్మ వినే రకం కాదు. రెండు పళ్లాలు తెమ్మని, ప్యాకెట్ ఆమె చేతికే ఇచ్చాను.

"వదినె, నీ చేత్తోనే రెండింట్ల సమంగ పొయ్యి. ఒకటి వంటింట్ల పెట్టు, ఒకటి ఈ డబ్బల మీద పెట్టు."

"ఏందే ఇది, పిల్లల ఆట లెక్క?" అని విసుక్కుంది కానీ పోసింది. వంటిల్లంటే పెరట్లో రేకులు దించిన సాయమానం. పళ్లెం అక్కడ పెట్టి వచ్చి కండెల ముందు కూర్చుంది. ఊళ్లో సంగతులు, నూలు ధరలు, ఆమె మోకాళ్ల నొప్పులు అన్నీ మాట్లాడుకున్నాం. కావాలనే నేను లేవలేదు. పొద్దు గూకే వేళకు లావణ్యను చాయ్ పెట్టమని, రెండు పళ్లాలూ తెప్పించాను.

నర్సమ్మ వంటింట్లోవి గుప్పెడు నోట్లో వేసుకుంది. కరకరలాడాయి. మగ్గం గదిలోవి వేసుకుంది. దవడలు ఆడుతున్నాయి, చప్పుడు మాత్రం లేదు.

"గివి పాతవి కలిపినవా?" అంది.

"ఒక్క ప్యాకెటే వదినె. రెండిట్ల పోసింది గూడ నీ చెయ్యే."

ఆమె తన చెయ్యి వంక చూసుకుంది. నేల మీది తడి, గోనెపట్టా, ఉప్పు డబ్బా చూపించి విషయం చెప్పాను. మగ్గానికి చెమ్మ కావాలి, పప్పుకు వద్దు, ఇంతే సంగతి అన్నాను.

"సల్లగుంటదని పెట్టిన వదినె. ఆడ రేకుల కింద మాడిపోతయని" అంది, గొంతు తగ్గించి.

"మరి ఇంతకుముందు యాడ పెట్టేదానివి? అప్పుడు గిట్ల కాలేదంటివి గద."

వాకిలి అవతలి చిన్న గది వైపు చెయ్యి చాపింది. "గా అర్రల. పెండ్లి కుదిరినంక పిల్లలకు ఓ అర్ర కావాలె గద. నేనే దగ్గరుండి ఖాలీ చేపిచ్చి, సామానంత ఇటు..."

అక్కడ ఆగిపోయింది. మగ్గం చప్పుడు కూడా ఆగింది. వెంకటేశు గుంతలోంచి తలెత్తి తల్లిని చూశాడు. కోడలు వచ్చినప్పటి నుంచే సరుకు పాడవుతోందని నర్సమ్మ అన్నది అబద్ధం కాదు. కొత్త జంటకు తానే ప్రేమగా ఇచ్చిన గదిలోంచి సరుకు తడి గదిలోకి వచ్చింది. రెండేళ్లుగా ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు.

చాయ్ గ్లాసులతో గుమ్మంలో నిలబడిన లావణ్య అంతా విన్నది. పోట్లాడుతుందేమో అనుకున్నాను. పోట్లాడినా న్యాయమే.

"అయితె నేను తొక్కు ముట్టొచ్చా అత్తమ్మ?" అని అడిగింది, అంతే.

నర్సమ్మ తలెత్తలేదు. పళ్లెంలో మెత్తబడిన బొరుగులను వేళ్లతో అటూ ఇటూ నెట్టింది. "ముట్టుడేంది... ఈసారి నువ్వే కలుపు. కారం కలిపితె నాకు చేతులు మంట వెడ్తయి" అంది.

లావణ్య గ్లాసులు కింద పెట్టి గబగబా తన గదిలోకి పోయింది. లోపల ఏడుపు వినబడింది. వెంకటేశు గుంతలోంచి లేచి ఆమె వెనకే వెళ్లాడు. మేమిద్దరం చాయ్ తాగాం, అందులో చక్కెర వేసిందో లేదో కూడా నాకు గుర్తు లేదు.

తర్వాతి పని చిన్నదే. లావణ్యే తమ గదిలో ఒక గోడ వారన సరుకులకు చోటు వదిలింది. కింద ఇటుకలు పేర్చి, వాటి మీద చెక్క వేసి, గోడకు తగలకుండా బస్తాలు పెట్టారు. బూజు పట్టిన పల్లీలను కడిగి వాడతానని నర్సమ్మ పట్టుబడితే, అవి విషంతో సమానం, కోళ్లకు కూడా వేయొద్దని నేనే పారబోయించాను. నెల సరుకు నెలకే కొనమన్నాను. మరుసటి నెల పప్పు శుభ్రంగా ఉంది. ఆ ఏడు తొక్కు కూడా బాగా కుదిరిందని నర్సమ్మ నాకో గిన్నెడు పంపింది. తప్పయిందని కోడలితో ఆమె అన్నట్టు మాత్రం నేను వినలేదు.

అప్పటి నుంచి ఎవరైనా పాడైన సరుకు తెస్తే, ఎవరు ముట్టుకున్నారని నేను అడగను, ఎక్కడ పెట్టారని అడుగుతాను. వంటింట్లో పొయ్యి పక్కనా, స్నానాల గది గోడ అవతలా, బోరు తొట్టి పక్కనా అని నూటికి తొంభై మంది జవాబులోనే కారణం దొరుకుతుంది. కానీ ఈ సంగతి నాకు నేర్పింది అది ఒక్కటే కాదు. చెమ్మ నుంచి తీసిన పప్పు నెలకల్లా బాగుపడింది. ఆ పిల్లకు అంతకంటే చాలా ఎక్కువ కాలం పట్టింది. దుకాణానికి వచ్చే ఆడవాళ్లందరూ బస్తాలో చెయ్యి దూర్చి, గుప్పెడు తీసి, చూసి మరీ కొంటారు. లావణ్య తొక్కు పెట్టాక కూడా చేతులు కట్టుకుని నిలబడి, కావలసింది వేలితో చూపించేది. మాట లోపలికి ఇంకితే దాన్ని ఏ ఎండలో పెట్టి ఆరబెట్టాలో నాకు తెలియదు.

ఆ ఏడు వానలు బాగా పడుతున్న రోజుల్లో ఒకనాడు దుకాణం నిండా మనుషులున్నారు. లావణ్య వచ్చి బియ్యం బస్తా ముందు కాసేపు నిలబడింది. తర్వాత కొంగు బొడ్లో దోపుకుని, మణికట్టు దాకా చెయ్యి దూర్చి, అడుగు నుంచి గుప్పెడు తీసి వాసన చూసింది.

"ఆంటీ, గీ బియ్యం జర మెత్తవడ్డయి. చెమ్మల పెట్టినట్టున్నరు" అంది, అందరికీ వినబడేలా.

నేనూ గుప్పెడు తీసి చూశాను. నిజమే. ఆ బస్తా పక్కకు లాగేసి, కొత్త బస్తా మూతి విప్పి ఆమె ముందుకు జరిపాను.

"గిది గూడ నువ్వే చెయ్యి పెట్టి సూడు బిడ్డా. నువ్వు మంచిగున్నయంటేనే అమ్ముత" అన్నాను.